క్రీడల మంత్రి గారికి: మే నెల మధ్యాహ్నం ఆ టర్ఫ్ మీద ఒక్కసారి నిలబడండి

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. సికింద్రాబాద్‌లోని మా ఫుట్‌బాల్ మైదానంలో వేసిన కృత్రిమ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి నేల గురించి మేం ఇచ్చిన వినతిపత్రాలు పై ఆఫీసుకు చేరాయి. రసీదులు మా దగ్గరున్నాయి. జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను. పథకం ఏమిటో, ఎంత మంజూరైందో మీకు తెలుసు కనుక ఆ వివరాల్లోకి పోను. ప్రారంభోత్సవం రోజున మాకిచ్చిన ఒక్క మాట గురించే నా బాధంతా. "ఎండాకాలంలో టర్ఫ్‌కు రోజూ నీళ్లు కొట్టిస్తాం, పిల్లల ఆట ఒక్క రోజు కూడా ఆగదు" అని మైకులో చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ నీళ్లు రాలేదు సార్. ఆట ఆగింది.

మైదానం మూలన సంపు తవ్వారు. చుట్టూ స్ప్రింక్లర్లు బిగించారు. సంపుకీ స్ప్రింక్లర్లకీ మధ్య మోటారు లేదు, సంపులోకి వచ్చే పైపు లేదు. అడిగితే బోరు వేస్తామన్నారు. తర్వాత బోరులో నీళ్లు పడవన్నారు. ఆ తర్వాత టెండరు పిలవాలన్నారు. ఒకసారి ట్యాంకరు పంపారు, నిజమే. అది తడిపిన నేల కాసేపటికే ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మా దరఖాస్తు ఒక టేబులు మీంచి ఇంకో టేబులుకు పోతూనే ఉంది. ఈలోపు వేసవి సెలవులు అయిపోతాయి.

ఎండలో ఈ టర్ఫ్ ఎలా ఉంటుందో ఫైలు చూస్తే తెలియదు. మే నెలలో పొద్దున తొమ్మిది దాటితే దాని మీద అరచెయ్యి ఆనించలేం. అసలు గడ్డి అయితే తనలోని తడిని ఆవిరిగా వదులుతూ నేలను చల్లగా ఉంచుతుంది. ఈ పాలిథిలీన్ పోగులకు ఆ గుణం లేదు. పోగుల మధ్య నింపిన నల్ల రబ్బరు గుళికలు పాత టైర్లను తురిమి చేసినవి. అవి ఎండనంతా పీల్చుకుని సాయంత్రం దాకా పట్టుకుంటాయి. బయట 40 డిగ్రీలున్న రోజున ఇలాంటి నేల 60 దాటుతుంది. 2015లో కెనడాలో జరిగిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొత్తాన్ని కృత్రిమ టర్ఫ్ మీదే నడిపారు. ఎడ్మంటన్‌లో తొలి మ్యాచ్ రోజున టర్ఫ్ వేడి 49 డిగ్రీల దాకా పోయింది. గాలిలో చూస్తే మన డిసెంబరు మధ్యాహ్నమంత వేడి కూడా లేదు. మగవాళ్ల ప్రపంచకప్‌ను గడ్డి మీద ఆడించి మమ్మల్ని ప్లాస్టిక్ మీద ఆడిస్తారా అని ఆ టోర్నీకి ముందే పేరున్న క్రీడాకారిణులు అక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్‌ దాకా వెళ్లారు. వాళ్లకు మంచి బూట్లున్నాయి, ఫిజియోలున్నారు, చల్లటి డ్రెస్సింగ్ రూములున్నాయి. అయినా వద్దన్నారు.

మా పిల్లల్లో చాలామందికి బూట్లు లేవు. మట్టి నేల ఉన్నన్నాళ్లు అది పెద్ద లోటు అనిపించలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశపు ఫుట్‌బాల్ ఆటగాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. బస్తీ పిల్లవాడు బంతి తెచ్చుకుంటే చాలు, ఆట మొదలయ్యేది. ఇప్పుడు వట్టి కాళ్లతో లోపలికి పోతే అరికాళ్లు బొబ్బలెక్కుతున్నాయి. బజారులో కొన్న చవక బూట్ల అడుగులు వేడికి జిగురు వదిలి ఊడిపోతున్నాయి. బంతి కోసం నేల మీద జారితే మోకాలి తోలు లేచిపోతోంది. మా గోల్‌కీపర్ అమ్మాయి మోచేతులకు గుడ్డలు చుట్టుకుని వస్తోంది. ఆ అమ్మాయి తల్లి నన్ను పిలిచి, "అన్నా, ఆటకు పంపాలా, దవాఖానకు పంపాలా?" అని అడిగింది. ఆమెకు నేనేం చెప్పాలో మీరే చెప్పండి.

సాయంత్రం ఆడుకోవచ్చు కదా అంటున్నారు మీ అధికారులు. సాయంత్రం నేల చల్లబడేసరికి పొద్దు గూకుతుంది. అప్పటినుంచి ఫ్లడ్‌లైట్ల కింద స్లాట్లు. గంటకింత అని ఫోన్లో కట్టి, ఆఫీసులు వదిలినవాళ్లు వచ్చి ఆడుకుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ ఆట మీద ప్రేమతోనే వస్తున్నారు. కానీ పిల్లలకు మిగిలిందేమిటి? తెల్లవారుజామున వాకింగ్ వాళ్లు, చీకటి పడ్డాక డబ్బులు కట్టినవాళ్లు, మధ్యలో నిప్పులు కురిసే వేళ మా పిల్లలు. ఆ వేళ గేటు తెరిచే ఉంటుంది. లోపల కాలు పెట్టేవాడే ఉండడు. నీళ్లు పెట్టిస్తే కనీసం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా మాకు దక్కేది. ఆ గంటన్నర కోసమే మా పోరాటం.

టర్ఫ్ అంటేనే పాపమని నేననడం లేదు. మిజోరంలోని ఐజ్వాల్‌ లాంటి కొండల ఊళ్లో, చదునైన జాగా కొంచెమే ఉండి వాన ఎక్కువ కురిసే చోట, ఆ నేల అక్కడి పిల్లలకు మేలే చేసింది. బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో టర్ఫ్ మీదే లీగులు నడిచాయి. మా దగ్గర కూడా జూలై, ఆగస్టు వానల్లో బురద లేకుండా ఆడాం. ఆ సంతోషం మరిచిపోలేదు. కానీ ఒక ఊరి వాతావరణం ఇంకో ఊరికి రాదు. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కృత్రిమ టర్ఫ్ వేసి, 2017 అండర్-17 ప్రపంచకప్ కోసం దాన్ని పీకేసి మళ్లీ గడ్డి నాటారు. నెదర్లాండ్స్‌లో అగ్రశ్రేణి లీగు 2025-26 నుంచి కృత్రిమ టర్ఫ్‌ను వద్దనుకుంది. అమెరికాలో ప్లాస్టిక్ నేల ఉన్న పెద్ద పెద్ద స్టేడియాలు కూడా 2026 ప్రపంచకప్ కోసం గడ్డి వేయక తప్పలేదు. ఈ రబ్బరు గుళికల అమ్మకాన్ని 2031 తర్వాత ఆపాలని ఐరోపా సమాఖ్య 2023లోనే నిర్ణయించింది. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం గొప్పగా రిబ్బను కత్తిరించి తెచ్చుకున్నాం.

నీళ్ల సంగతి ఇంకొకటి మనసులో పెట్టుకోండి సార్. మే నెలలో ఈ నగరంలో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తుంటే, ప్లాస్టిక్‌ మీద మంచినీళ్లు చల్లమని అడగడానికి నాకే నోరు రావడం లేదు. అడుగుతున్నామంటే ఇచ్చిన మాట కాబట్టి అడుగుతున్నాం. గడ్డికీ నీళ్లు కావాలి, కాదనను. కానీ గడ్డి తాగిన నీళ్లు వేర్లలో నిలుస్తాయి, నేలలో ఇంకుతాయి. మురుగు శుద్ధి కేంద్రాల్లో శుభ్రం చేసిన నీళ్లతో గడ్డి పెరుగుతుంది. ఆ నీళ్లను పిల్లల పుండ్లు రాసుకునే ప్లాస్టిక్ మీద చల్లలేం. ఈ లెక్క టర్ఫ్ వేయకముందే ఎవరైనా వేశారా? మమ్మల్ని పిలిచి అడిగారా? ఈ మైదానంలో ఏళ్ల తరబడి పిల్లల్ని ఆడించిన పెద్దవాళ్లున్నారు. అడిగితే చెప్పేవాళ్లు.

రంగుల విషయంలోనూ అంతే. గ్యాలరీ మెట్లకు ముదురు నీలం, నారింజ పూశారు. టర్ఫ్ చుట్టూ పరిగెత్తే జాగా కూడా ముదురు నీలమే. ఈ మైదానంలో ఆ రంగులు ఏ జట్టూ తొడగలేదు. మా పాత జట్టుది మెరూన్, తెలుపు. కుర్రాళ్లేమో పసుపు, నలుపు కావాలంటున్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు తెచ్చినప్పుడు వాళ్లు వేసుకున్న రంగులవి. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. జట్టు పోతే పోయింది, రంగు మాది అంటారు కుర్రాళ్లు. ఊరు వదిలిపోయిన జట్టు రంగు మనకెందుకని పెద్దవాళ్లు కసురుకుంటారు. చాయ్ హోటల్లో ఈ వాదన రోజూ నడుస్తుంది, ఒక్కోసారి గొంతులు కూడా లేస్తాయి. నేను పాతవాణ్ని, మెరూన్ తొడిగినవాణ్ని. అయినా కుర్రాళ్ల మాటలో న్యాయముందంటాను. వాళ్లు గెలుపు చూసింది ఆ రంగులోనే. అమెరికాలో బోయిసీ విశ్వవిద్యాలయం 1986లో తమ ఫుట్‌బాల్ మైదానానికి ఏకంగా నీలం టర్ఫ్ వేసుకుంది. అక్కడ ఆడేది వేరే రకం ఫుట్‌బాలే, కానీ ఆ నీలం వాళ్ల జట్టు రంగు. మాకు పూసినది ఎవరి రంగు? అడిగితే "డ్రాయింగు పైనుంచి వచ్చింది" అన్నారు. ముదురు రంగు మెట్ల మీద ఏప్రిల్ ఎండలో ముసలివాళ్లు కూర్చోలేకపోతున్నారని కూడా ఆ డ్రాయింగు గీసినవాళ్లకు తట్టలేదు.

సార్, ఇది ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదు. మన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1951లో, మళ్లీ 1962లో దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెప్పించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. దేశానికి ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ బిడ్డ. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ మనవాడే. వీళ్లు ఏసీ అకాడమీల్లోంచి రాలేదు. గేటు లేని మైదానాల్లోంచి, మధ్యాహ్నాలన్నీ ఆడి ఆడి వచ్చారు. 2025 డిసెంబరు 13న మెస్సీ ఉప్పల్‌కు వస్తే మా పిల్లలు టీవీల ముందు నుంచి కదల్లేదు. మర్నాడు బంతి పట్టుకుని మైదానానికి పరిగెత్తారు. చలికాలం కాబట్టి ఆడగలిగారు. ఆ ఉత్సాహాన్ని మే నెలలో ఏం చేసుకోమంటారు?

మేం అడిగేది పెద్ద కోరిక కాదు. చేతనైతే ఆ టర్ఫ్ తీసి గడ్డి వేయించండి. అది ఈ సంవత్సరం కాదంటే సంపుకు పైపు కలిపించండి, మోటారు పెట్టించండి. మాటిచ్చారు కాబట్టి నీళ్లు పెట్టించండి. సాయంత్రం పూట పిల్లలకు ఒక గంటన్నర, డబ్బులు లేకుండా, రాతపూర్వకంగా ఇప్పించండి. ఓ పక్కన షెడ్డు, తాగడానికి నీళ్లు, దెబ్బ తగిలితే మందు డబ్బా ఉండాలి. మెట్లకు లేత రంగు వేయించండి, ఏ రంగో మైదానంలో ఆడేవాళ్లను, చూసేవాళ్లను కూర్చోబెట్టి అడిగించండి. అన్నిటికంటే ముందు మా దరఖాస్తుకు జవాబు ఇప్పించండి. అవునో కాదో ఏదో ఒకటి.

మీరు ఒక్కసారి రండి. ముందుగా కబురు పెట్టకుండా, మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు రండి. దండలు, ఫొటోలు వద్దు. బూట్లు విప్పి మధ్య గీత దాకా నడవండి చాలు. ఆ తర్వాత మీరు ఏ నిర్ణయం చెప్పినా మేం వింటాం.

ఇట్లు,
సికింద్రాబాద్ బస్తీ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక కోచ్, వాళ్ల తల్లిదండ్రుల తరఫున