పాత బ్రిడ్జి మీద సైకిలు దారి

రాజమండ్రి,
ఆదివారం.

ఒరేయ్ సూరీ,

పాత బ్రిడ్జి సంగతి ఏమైందని అడిగావు. ఫోన్లో చెబితే మధ్యలో పది ప్రశ్నలు వేసి నన్ను దారి తప్పిస్తావు, అందుకే ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చో. ఇది పొడుగ్గానే ఉంటుంది.

ముందు వార్త చెప్తా. 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన అయింది. రూ. 94.44 కోట్లు. అందులో మన పాత బ్రిడ్జి, అదే రైళ్లు ఆపేసిన హేవలాక్ బ్రిడ్జి ఉంది, పుష్కర్ ఘాట్ ఉంది. 2027 పుష్కరాలు ముందున్నాయి కాబట్టి హడావుడి. మన ఊళ్లో ఏ పనికైనా గడువు పెట్టేది పుష్కరాలే కదా, పన్నెండేళ్లకోసారి ఊరు ముఖం కడుక్కుంటుంది. నాలుగో వంతెన, అదే మనవాళ్లు గామన్ బ్రిడ్జి అంటారే, అది కూడా కిందటి పుష్కరాల ఏడాదే, 2015లో తెరిచారు.

ఊళ్లో ఇప్పుడు ఎవర్ని కదిపినా పాత బ్రిడ్జి మీద ఏమేం వస్తాయో చెప్తున్నారు. లైట్లట, మొక్కలట, ఫుడ్ కోర్టట, సెల్ఫీ పాయింట్లట. నాకూ సరదాగానే ఉంది, కాదనను. సాయంత్రం పూట గోదారి మీద నిలబడి మిరపకాయ బజ్జీ తినడానికి నాకేం అభ్యంతరం? కానీ ఇంత చర్చలో ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ బ్రిడ్జి మీదుగా కొవ్వూరు నుంచి సైకిలు మీద పనికి రాగలిగే మనిషి గురించి మాట్లాడటం లేదురా. నా బాధంతా అదే.

నీకు గుర్తుందా, కొవ్వూరంటే మనకి అవతలి జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కొవ్వూరు కూడా తూర్పు గోదావరిలోకి వచ్చేసింది. కలెక్టరాఫీసు ఇక్కడే, రాజమండ్రిలో. అంటే పింఛను కాగితం దగ్గర్నుంచి పొలం తగాదా దాకా అక్కడివాళ్లు గోదారి దాటి రావాల్సిందే. ఆసుపత్రులు, బట్టల కొట్లు, కాలేజీలు ఎప్పట్నుంచో ఇటే ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరం మహా అయితే ఏడెనిమిది కిలోమీటర్లు. సైకిలు తొక్కేవాడికి అదొక దూరమా? అరగంట. అడ్డమల్లా ఆ మధ్యలో ఉన్న వంతెనే.

రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద ఈమధ్య నువ్వు సైకిలెక్కలేదు కాబట్టి చెప్తున్నా. 1974లో కట్టినప్పుడు దాని మీద తిరిగిన బళ్లెన్ని, ఇప్పుడు తిరిగేవెన్ని! నాలుగు కిలోమీటర్ల పైన పొడుగు, పోను ఒక వరస, రాను ఒక వరస, కింద రైలు. నడిచేవాడికంటూ, సైకిలువాడికంటూ సరైన చోటు లేదు. మొన్న పొద్దున్న నా ముందు ఒక పాలతను వెళ్తున్నాడు. వెనక చక్రానికి రెండు పక్కలా క్యాన్లు. వంతెన ముక్కలు కలిసే అతుకు దగ్గరికి రాగానే సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడి, హ్యాండిల్ బిగబట్టి, చక్రం సరిగ్గా అడ్డంగా పడేలా ఒక్క క్షణం రోడ్డు మధ్యకి తిప్పాడు. ఆ క్షణంలోనే వెనకాల బస్సువాడు హారన్ కొట్టాడు. తప్పెవరిది చెప్పు? అంచున వెళ్తే ఇసుక, పగిలిన తారు. అతుకుని ఏటవాలుగా దాటితే చక్రం సందులో ఇరుక్కుంటుంది. అందుకని తెలిసినవాడెవడైనా మధ్యకి వచ్చి తిన్నగా దాటుతాడు. కారువాడికి అది కనపడదు, "సైకిలువాడు సడన్‌గా అడ్డొచ్చాడు" అంటాడు. అంత పొడుగు వంతెన మీద ఇలాంటి అతుకులు ఒకటా రెండా! దానికి తోడు కింద గూడ్సు బండి పోతుంటే వంతెన మొత్తం సన్నగా వణుకుతుంది. మనకి చిన్నప్పుడు అదే సరదా. ఇప్పుడు నాకు మాత్రం టెన్షనే.

2023లో మరమ్మతులకని కొన్నాళ్లు మూశారు కూడా. అప్పుడు కారున్నవాడు గామన్ బ్రిడ్జి మీంచో ధవళేశ్వరం బ్యారేజీ మీంచో చుట్టు తిరిగి వెళ్లాడు, పెట్రోలు కాలిందని తిట్టుకున్నాడు. సైకిలువాడు చుట్టు తిరిగితే ఆ పూట కూలి పోయినట్టే.

అందుకే పాత బ్రిడ్జి మీద నాకింత ఆశ. ఒకసారి లెక్క చూడు. 1900లో రైళ్లకి తెరిచారు, 1997లో కొత్త ఆర్చి రైలు బ్రిడ్జి వచ్చాక ఆపేశారు. దగ్గర దగ్గర వందేళ్లు మద్రాసు, హౌరా మెయిళ్లని మోసింది. 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు, ఒక్కోటీ 150 అడుగులు. మెట్ట లేదు, పల్లం లేదు. రైలు బండి మెట్ట ఎక్కలేదు కాబట్టి రైలు దారి ఎప్పుడూ చదునే, సైకిలువాడికి అంతకంటే ఏం కావాలి! ఈ కొస గోదావరి స్టేషను పక్కన, ఆ కొస కొవ్వూరు. బస్సులు, లారీలు లేవు. కొత్తగా గోదారి మీద ఇలాంటిది కట్టాలంటే ఎన్ని వందల కోట్లో. ఇది ఊరికే పడి తుప్పుపడుతోంది.

ఇక్కడ మా ఇంజనీరు బావగారు ఒక మాట అన్నారు, నేను అప్పటిదాకా ఆలోచించలేదు. "జనమే కదా, బరువేముంటుంది అనుకోకు" అన్నారు. జనం కిక్కిరిసి నిలబడే చోట చదరపు మీటరుకి 500 కిలోలు లెక్క కట్టాలట. మూడు మీటర్ల వెడల్పు దారి అనుకుంటే ఒక్క స్పాను మీదే 68 టన్నులు పైన. రైలింజను వందా పది టన్నులు దాటుతుంది, అలాంటివే దాని మీద తిరిగాయి కాబట్టి కట్టినప్పటి బలానికి వచ్చిన లోటు లేదు. చూడాల్సింది ఇన్నేళ్ల తుప్పు ఎంత తినేసిందన్నది. రంగులు, లైట్ల కంటే ముందు ప్రతి స్పానుకీ పరీక్ష చేయించి, తినేసిన రేకులు మార్చాలి. ఇది ఫోటోల్లో కనపడే పని కాదు, అందుకే నాకు భయం. 2022లో గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన కూలి ఏం జరిగిందో చూశాం. పాత వంతెన, కొత్త మెరుగులు, పండగ జనం. మన దగ్గర పుష్కరాల జనం సంగతి వేరే చెప్పాలా? 2015లో మొదటిరోజు తొక్కిసలాట ఘాట్ దగ్గరే అయింది. పుష్కరాల పన్నెండు రోజులూ ఎంతమందిని వదలాలి, ఎటు ఎక్కాలి, ఎటు దిగాలి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. ఆ పన్నెండు రోజుల కోసం మిగతా పన్నెండేళ్ల దారిని పాడు చేయకూడదు.

ఇక వెడల్పు. గొడవంతా ఇక్కడే ఉందిరా సూరీ. అది ఒంటి లైను బ్రిడ్జి. రైలు పెట్టె వెడల్పు మూడుంపావు మీటర్లు, దానికి అటూ ఇటూ కాస్త ఖాళీ. అంతే చోటు. అందులో ఎదురెదురుగా రెండు సైకిళ్లు పోవాలంటే రెండు మీటర్లయినా కావాలి. నడిచేవాళ్లకి మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌వాళ్లు కనీసం 1.8 మీటర్లు అడ్డంకి లేకుండా ఉండాలంటారు. రెండూ కలిపితేనే కిటకిట. మరి ఫుడ్ కోర్టు ఎక్కడ పెడతావు? పూలకుండీలు ఎక్కడ పెడతావు? ఒక బెంచీ వేస్తే సైకిలు దారి అక్కడితో సరి. ఒక బజ్జీల బండి పెడితే చుట్టూ పదిమంది మూగుతారు, ఇక పిల్లని కూర్చోబెట్టుకుని సైకిలు మీద వచ్చేవాడు దిగి తోసుకుంటూ వెళ్లాల్సిందే. నాలుగు రోజులు అలా తోశాక మళ్లీ పాత అలవాటు ప్రకారం రోడ్డు బ్రిడ్జి ఎక్కేస్తాడు. తినేవీ కొనేవీ అన్నీ రెండు కొసల్లో నేల మీద పెట్టండి, ఎవరు వద్దన్నారు? ఆగి చూడాలనుకునేవాళ్లకి అక్కడక్కడ స్తంభాల దగ్గర పక్కకి చిన్న బాల్కనీలాంటివి వీలైతే కట్టండి. మధ్య దారి మాత్రం వదిలెయ్యండి.

హైదరాబాదులో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి సంగతి నీకు తెలుసుగా. 2020లో తెరిచీ తెరవగానే సెల్ఫీలవాళ్లు రోడ్డు మీదికే వచ్చేశారు. మొదట్లో శని, ఆదివారాలు బళ్లు ఆపేసి జనాన్ని వదలాల్సి వచ్చింది. జనం ఆగుతారని ముందే అనుకుంటే ఆగే చోటు పెట్టొచ్చు. అనుకోకపోతే వాళ్లే పెట్టుకుంటారు, మనకి నచ్చని చోట.

ఇంకోటి టికెట్టు. అహ్మదాబాదులో సబర్మతి మీద అటల్ బ్రిడ్జి ఉంది, 300 మీటర్లు, నడవడానికే. టికెట్టు కొనుక్కుని ఎక్కాలి. అది చూడ్డానికి కట్టిన బ్రిడ్జి కాబట్టి సరే. మన పాత బ్రిడ్జికి టికెట్టు పెట్టి, పొద్దున్న తొమ్మిదింటికి గేటు తీస్తే మాత్రం పాలతనికీ లేదు, మార్కెట్టుకొచ్చే కూరల ఆవిడకీ లేదు. వాళ్ల పని తెల్లారి నాలుగున్నరకే మొదలవుతుంది. దారి అన్నాక తెల్లవారుజాము నుంచి రాత్రి ఆఖరి షో వదిలేదాకా తెరిచుండాలి. దీపాలు రంగురంగులుగా వెలిగి ఆరక్కర్లేదు, కాళ్ల ముందు ఏముందో కనపడితే చాలు. ఆడపిల్లలు ఒంటరిగా రెండున్నర కిలోమీటర్ల పైన నడవాలంటే మధ్యలో మనిషి కాపలా, అత్యవసర ఫోను ఉండాలి. గోదారి గాలి సంగతి తెలిసిందే కాబట్టి రెయిలింగు మామూలు నడుమెత్తు సరిపోదు. సైకిలు మీద కూర్చున్నవాడి బరువు పైకి ఉంటుంది, ఛాతీ దాకా ఉంటేనే ధైర్యం.

నన్నడిగితే అసలు పరీక్ష బ్రిడ్జి మీద కాదు, రెండు కొసల్లో. రైలు కట్ట మీంచి కిందికి దిగాలి కదా. మెట్లు కడితే కథ కంచికే. ఎత్తు ప్రతి మీటరుకీ ఇరవై మీటర్ల పొడుగు ర్యాంపు ఉంటే బరువుతో సైకిలువాడూ ఎక్కుతాడు, చక్రాల కుర్చీ కూడా ఎక్కుతుంది. స్థలం కావాలి, అందుకే ఎవరూ ఆ ఊసెత్తరు. దిగాక? గోదావరి స్టేషను బయట ఆటోలు, తోపుడు బళ్లు, రోడ్డు మీదే ఆపిన బైకులు. అక్కణ్నుంచి మెయిన్ రోడ్డు దాకా, మార్కెట్టు దాకా రంగు గీతయినా గీసి, ఆటోలకి వేరే చోటు చూపిస్తేనే బ్రిడ్జి మీద దక్కిన క్షేమం ఇంటిదాకా వస్తుంది. కొవ్వూరు వైపు కూడా గోష్పాద క్షేత్రం దాకా, బస్టాండు దాకా అంతే.

ఇదంతా అయ్యేలోపు రోడ్డు బ్రిడ్జిని వదిలెయ్యమని కాదు. దాని మీద 30 కిలోమీటర్ల వేగం పెట్టి, కెమెరాలతో నిజంగా అమలు చేస్తే నాలుగు కిలోమీటర్లకి ఎనిమిది నిమిషాలు. అరవైతో పోయినా నాలుగు. మిగిలేది నాలుగు నిమిషాలు, దానికోసం గుద్దుడు బలం నాలుగింతలు. సైకిలు చక్రం పడే వరసలో అతుకుల మీద గరుకు ఇనప పలకలు వేయడానికి, అంచున ఇసుక ఊడ్చడానికి కోట్లేం అక్కర్లేదు.

ఇవన్నీ రాసి మేం నలుగురం ఒక ఆఫీసుకి తీసుకెళ్లి ఇచ్చాం. అక్కడాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు. అంతా విని, "ఇప్పుడు సైకిళ్లెవరు తొక్కుతున్నారండీ?" అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఆయన ఆఫీసు గోడకే మూడు సైకిళ్లు ఆనించి ఉన్నాయి. ఒకటి ఆయనకి టీ తెచ్చిన కుర్రాడిది. మా వాళ్లలో ఒకాయన నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

అయితే ఆ ప్రశ్నకి జవాబు మీ ఊళ్లోనే ఉందిరా. మీ వాంకూవర్ బరార్డ్ బ్రిడ్జి గురించి నువ్వు చెప్పినప్పుడు సగమే విన్నాను, తర్వాత చదివాను. 1996లో కార్ల వరస ఒకటి సైకిళ్లకిచ్చి, వారానికే గోలకి భయపడి వెనక్కి తీసుకున్నారు. 2009లో మళ్లీ పెట్టారు. వాంకూవర్ మొత్తం ఆగిపోతుందన్నారు, ఏమీ ఆగలేదు. ఇప్పుడు ఏడాదికి పది లక్షలకు పైగా సైకిళ్లు దాటుతున్నాయి. ముందు దారి వేశారు, తర్వాత జనం వచ్చారు. మనవాళ్లు ముందు జనాన్ని చూపించమంటారు. రోజూ గోదారి ఈదేవాళ్లని లెక్కపెట్టి వంతెన కట్టాలా వద్దా తేల్చినట్టు!

కాబట్టి నీకో పని. వచ్చే వారం అటు వెళ్లినప్పుడు టేపు పట్టుకెళ్లు. సైకిలు వరస వెడల్పెంత, కార్లకీ దానికీ మధ్య గోడ ఎత్తెంత, అతుకుల మీద ఏం పరిచారు, కొసల్లో నాలుగు రోడ్ల దగ్గర సైకిలుకి వేరే సిగ్నల్ ఎలా పెట్టారు, ఇవన్నీ ఫోటోలు తీసి పంపు. నువ్వు సెల్ఫీలో నిలబడక్కర్లేదు. వచ్చే నెల మళ్లీ ఆ ఆఫీసుకి వెళ్తున్నాం, ఈసారి కాగితాలతో పాటు బొమ్మలు కూడా పెడదామని.

చెల్లెమ్మకి, పిల్లలకి ఆశీస్సులు. మీ నాన్నగారి బీపీ బాగానే ఉంది, మొన్న చూసొచ్చాను. ఉప్పు మానమంటే మాత్రం వినరు.

నీ
రాంబాబు