అమ్మా, అప్పట్లో నీకు చెప్పని సంగతి

అమ్మా,

చెల్లి పురిటికి ఇంటికొచ్చిందని విన్నప్పటి నుంచీ ఇది రాయాలనే ఉంది. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, అసలు మాట అక్కడే ఆగిపోతుంది.

చిన్నోడు పుట్టిన అయిదో రోజు నాకొచ్చింది పాలు పడే జ్వరమని నీకు చెప్పాను కదా. అది కాదమ్మా, సెప్సిస్, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి. రాత్రంతా చలి, రెండు రగ్గులు కప్పుకున్నా వణుకు ఆగలేదు, మంచినీళ్లు తాగబోతే గ్లాసు అంచు పళ్లకి టకటకా కొట్టుకుంది. పురుడయ్యాక పోయే మైల వాసన కొడుతోందని తెలిసినా సిగ్గుపడి మీ అల్లుడికి కూడా చెప్పలేదు. ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో పురుడయ్యాక మిడ్‌వైఫ్, అంటే పురుళ్లు చూసే ఆవిడ, ఇంటికే వస్తుంది. పొద్దున వచ్చినావిడ నాడి చూసి, వాచీ పట్టుకుని నా ఊపిరి లెక్కపెట్టి, రాత్రి నుంచి ఒంటికి ఎన్నిసార్లు వెళ్లావని అడిగింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెంటనే అంబులెన్స్ పిలిచింది, హాస్పిటల్లో గంటలోపే రక్తం తీసి యాంటీబయాటిక్ ఎక్కించారు.

గర్భసంచిలో చేరింది గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా అట, పిల్లలకి గొంతునొప్పి తెచ్చేదే. పెద్దదానికి ముందు వారమే గొంతునొప్పి, దాని ముక్కు తుడిచిన చేత్తోనే ప్యాడ్ మార్చుకున్నానేమో. బాత్రూంకి వెళ్లొచ్చాకే కాదు, వెళ్లే ముందు కూడా చేతులు సబ్బుతో కడుక్కోవాలని నర్సు చెప్పేదాకా నాకు తట్టనేలేదు.

అందుకే అడుగుతున్నాను. చెల్లికి వణుకొచ్చినా, గుండె దడదడలాడినా, ఆయాసం వచ్చినా, పొత్తికడుపు బాగా నొప్పి పుట్టినా, మాట తడబడినా, పచ్చి ఒళ్లు కదా అని దుప్పటి కప్పి తెల్లారేదాకా చూడకు, 108కి ఫోన్ చెయ్యి. డోలో వేస్తే జ్వరం తగ్గినట్టే కనిపిస్తుంది, లోపల ఇన్‌ఫెక్షన్ ముదురుతూనే ఉంటుంది. ఒక్కోసారి జ్వరం లేకుండా ఒళ్లు చల్లబడుతుంది కూడా. కాన్పయ్యాక ఈ భయం ఆరు వారాల దాకా ఉంటుంది, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ. కాన్పుకి ముందు కూడా ఉమ్మనీరు పోతే నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో కూర్చోవద్దు. 2012లో ఐర్లాండ్‌లో చనిపోయిన సవితా హలప్పనవర్, మన కర్ణాటక అమ్మాయి, పదిహేడో వారంలో ఉమ్మనీరు పోయాకే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి సెప్సిస్ అయింది.

పురిటి గదిలోకి ఎవరొచ్చినా చేతులు కడుక్కునే రమ్మను, అత్తయ్య అయినా సరే. చెల్లి సిగ్గుపడుతుంది, మైల సంగతి నువ్వే అడుగు.

శనివారం ఫోన్ చేస్తాను. ఇంట్లో థర్మామీటర్ పనిచేస్తోందో లేదో చూసి ఉంచు.

నీ పెద్దమ్మాయి