పేరు కూడా అడగని ఆ లారీ డ్రైవర్ గారికి

మా కొత్త ఇంటి స్లాబ్ అయిపోయింది. నిన్న మధ్యాహ్నానికి. ఇవాళ తెల్లారి పాలు పిండటానికి కూర్చుంటే వేళ్ళు ముడవడానికి రాలేదు, సిమెంటు అంతలా తినేసింది. టైపింగులో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఒకాయనకి దండం పెట్టుకోవాల్సి ఉంది, ఆయన పేరు అడగడం కూడా మర్చిపోయాను. అందుకే నలుగురిలో ఇలా రాస్తున్నా.

మాది రెండెకరాల సాగు, మూడు ఆవులు. కాంట్రాక్టరుకి అప్పగించే స్తోమత లేక మేస్త్రిని పెట్టుకుని, సామాను మేమే తెచ్చుకుంటూ, కూలిపని సగం మేమే చేసుకుంటూ ఎనిమిది నెలలుగా కడుతున్నాం. పొద్దున పాలు, తర్వాత గోడలకు నీళ్ళు, తర్వాత చేను, సాయంత్రం మళ్ళీ పాలు. సరిగ్గా టమాటా కోతకొచ్చిన వారమే స్లాబ్ పెట్టుకోవాల్సి వచ్చింది. స్లాబ్ కింద ఆనించే సెంట్రింగ్ చెక్కలకు రోజుల లెక్కన అద్దె. చెట్టు మీద పండేమో మన ఇల్లు లేచేదాకా ఆగదు.

మొన్న మధ్యాహ్నం మూడున్నరకి మిక్సర్ ఆగిపోయింది. స్లాబ్ సగమే పడింది. మిక్సర్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే మొదట ఎత్తలేదు, తర్వాత స్విచాఫ్. "ఇక్కడితో ఆపేద్దాం, మిగతాది రేపు చూద్దాం" అన్నాడు మేస్త్రి. నాకేం తెలుసు, సరే అన్నాను. పాకలో ఆవులు అరుస్తున్నాయి, పాల టైమవుతోంది.

అప్పుడొచ్చాడు ఆయన. మా చేను పక్క దారికి కంకర దించి తిరిగి వెళ్తూ నీళ్ళకోసం లారీ ఆపాడు. నెరిసిన మీసం, ఒళ్ళంతా దుమ్ము. చెంబు చేతిలో పట్టుకునే పైకి చూసి, "ఎక్కడ ఆపారమ్మా?" అని అడిగాడు. చూపించాను. చెంబు కింద పెట్టి నిచ్చెన ఎక్కేశాడు. లారీకి ముందు చాలా ఏళ్ళు సెంట్రింగ్ పనే చేశాడట.

"దూలం మొదట్లో అతుకు పెడితే రేపు పగిలేది అక్కడే. గది నడిమికి తెచ్చి ఆపాలి" అన్నాడు. మేస్త్రి మొహం మాడింది కానీ ఎదురు చెప్పలేకపోయాడు. నడిమికి రావాలంటే ఇంకా ఆరు బస్తాల మాల్ చేత్తో కలపాలి. పొద్దుటినుంచీ మోసినవాళ్ళు ఎవరూ కదల్లేదు. ఆయనే పార అందుకున్నాడు. అది చూసి ఒక్కొక్కరే లేచారు. నేను తట్ట ఎత్తబోతే లాక్కుని, "నువ్వు కాసేపు కూర్చోమ్మా. నేనున్నా కదా" అన్నాడు.

ఎనిమిది నెలల్లో నన్ను కూర్చోమన్న మనిషి లేడు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చున్నాను, ఏడుపు ఆగలేదు. అందరి ముందూ. ఆయన ఏమీ అనకుండా ఇసుకలో సిమెంటు తిరగేస్తూనే ఉన్నాడు.

చీకటి పడేసరికి గది నడుమ ఒక చెక్క నిలువుగా నిలబెట్టి, మాల్ దానికి ఆనించి ఆపారు. నేను పాలు పిండి వచ్చేసరికి పారలు, తట్టలు, మిక్సర్ డ్రమ్ముతో సహా కడిగి పెట్టి ఉన్నాయి. మర్నాడు మొదటి లోడుకి వెళ్ళే ముందు మళ్ళీ వచ్చాడు. తీగ బ్రష్షుతో అతుకు మొహం గీకి, పైన కట్టిన తెల్లటి పొర తీసి, తడిపి, సిమెంటు పాలు పూయించి, "ఇప్పుడు వేయండి" అని వెళ్ళిపోయాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. అన్నా, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే ఒకసారి ఇటు రండి. గట్లు కట్టి స్లాబ్ మీద నీళ్ళు నిలిపాను. మడి గట్టు వేయడం నాకొచ్చిన పనే కదా, చుక్క కారడం లేదు.

మా ఆయన, మరిది, మా అక్క, అందరూ చేశారు. వాళ్ళ ఇల్లే, వాళ్ళకి థ్యాంక్స్ ఏంటి. రెండో మిక్సర్ రాత్రికి రాత్రి వెతికి తెచ్చింది మరిదే.

ఇంకో మాట చెప్పకపోతే నిద్ర పట్టదు. ఇంటి లోను ఫారంలో నెల జీతం ఎంత అని గడి ఉంది. పంట డబ్బు నెలనెలా వస్తుందా? ఖాళీ వదిలితే తిప్పి పంపారు, ఏడాదిది పన్నెండుతో భాగించి రాస్తే రుజువు తెమ్మన్నారు. గోడలు లింటెల్ వరకు, అంటే తలుపుల పై దూలం దాకా లేచాక వచ్చి చూసి డబ్బు వదలాల్సిన ఆఫీసరు పంతొమ్మిదో రోజుకి వచ్చాడు. అన్నాళ్ళూ గోడలు, మేమూ ఆకాశం చూస్తూ కూర్చున్నాం. లేకపోతే కోత వారం స్లాబ్ ఎందుకు పడుతుంది? చూడ్డానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు ఆయనకి.

సరే. ఆ రెండు రోజులూ మా పాల క్యాన్లు తన బండి మీద తీసుకెళ్ళిన పక్క చేను చెల్లికి, టమాటాలు కోసి గంపలకెత్తిన ఐదుగురు అక్కలకి, మాల్ కుదించే వైబ్రేటర్ తీగ తెగితే అతికించిన కుర్రాడికి థ్యాంక్స్. మేస్త్రికి కూడా, పాపం, రెండో రోజు సగం కూలీయే తీసుకున్నాడు.

అయ్యో, టార్పాలిన్ ఇచ్చినవాళ్ళని మర్చిపోయా. అది ఇంకా మా దగ్గరే ఉంది. సిమెంటు అంటుకుంది, కడిగి రేపు తెచ్చిస్తాను.