వంతు తప్పొద్దు, కొడుకా

బిడ్డా,

మొన్న రాత్రి పదకొండు దాటినాక ఫోన్ చేసి "అమ్మా, ఆమె అస్సలు సర్దుకుపోదు" అన్నావు చూడు, అప్పుడు నేను ఊ కొట్టి పెట్టేశాను. మీ నాయినకు అప్పుడే కన్నంటుకుంది, ఆయన్ను లేపడం ఇష్టం లేకపోయింది. తెల్లారి చేద్దామనుకున్నా గానీ ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు, సగంలోనే "సరే అమ్మా, మీటింగ్ ఉంది" అంటావు. అందుకే రాస్తున్నా. ఆడవాళ్ల పొదుపు సంఘం పుస్తకాలు రాసీ రాసీ చెయ్యి అలవాటైనదే కదా. ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతా, తిన్నాక నిదానంగా చదువు, కోడలికి చూపిస్తావో లేదో నీ ఇష్టం.

సర్దుకుపోవడం అనే మాట మీద నాకు పాత కోపం ఉంది. 1991లో నా పెళ్లయినప్పుడు అప్పగింతల కాడి నుంచి మొదలుపెట్టి మక్తల్ దాకా ట్రాక్టర్‌లో పక్కన కూర్చున్న ముసలమ్మ వరకు అందరూ నాకే చెప్పారు, సర్దుకుపో బిడ్డా, సర్దుకుపో అని. మీ నాయినకు ఒక్కరంటే ఒక్కరు చెప్పినట్టు నేను వినలేదు. ఆయన చెవిలో పంతులు చెప్పించినవి సంస్కృతం మాటలు, ఆయనకు అర్థం కాలేదు. నీకూ కాలేదేమో. ధర్మేచ అర్థేచ కామేచ అని మూడుసార్లు నీతో అనిపించి చివర నాతిచరామి అనిపించారు గుర్తుందా, ఈమెను దాటి పోను అని అర్థం. అర్థేచ అంటే డబ్బు విషయంలో కూడా. అది పెళ్లికొడుకు చేసే ప్రమాణం, పెళ్లికూతురు చేసేది కాదు. వీడియో తీసి ఉంది, కావాలంటే చూసుకో.

మన బోరు సంగతి నీకు తెలుసు, మీ నాయిన అన్నదమ్ములు ముగ్గురికి ఒకటే బోరు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది గానీ రోజంతా ఇచ్చేవాళ్లు కాదు, కొంత పగలు కొంత రాత్రి, అదీ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో. అందుకని ముగ్గురూ వంతు పెట్టుకున్నారు, ఒక రోజు పెద్దనాయినది, ఒక రోజు మనది, ఒక రోజు బాబాయిది. వంతు ఉన్నన్నాళ్లు కొట్లాటలు లేవని కాదు, ఉండేవి, పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డ రోజులున్నాయి, కానీ ఎవరి మడీ పూర్తిగా ఎండలేదు. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినాక ఇంక వంతు ఎందుకులే అనుకున్నారు, ఆటోస్టార్టర్ పెట్టి వదిలేశారు, ఎప్పుడు కరెంటొస్తే అప్పుడు మోటరు అదే తిరుగుతుంది, ఎత్తున ఉన్న పెద్దనాయిన పొలానికి పారి పారి కింద మనకొచ్చేసరికి బోరు గుటకలు మింగుతుండేది. సర్కారు వాళ్లే వచ్చి ఆటోస్టార్టర్లు తీసేయండయ్యా అని చెప్పుకోవాల్సి వచ్చింది. మళ్లీ వంతే పెట్టుకున్నారు.

ఇది మీ మామకు నాకంటే బాగా తెలుసు. వాళ్లది మిర్యాలగూడ, సాగర్ ఎడమ కాలువ కింద, 1967 నుంచి నీళ్లు చూసినవాళ్లు, మనలాగ మొగులు వైపు చూసి బతికినవాళ్లు కాదు. (పెళ్లి మాటలప్పుడు ఆ వరి పొలాలు చూసి మీ నాయిన "మన పిల్లోని జొన్నరొట్టెలు వీళ్లు తింటారా" అని తెగ టెన్షన్ పడ్డాడు.) అయినా వాళ్లకూ నీళ్లు తక్కువైన ఏడు వారబందీ, అంటే కాలువ నీళ్లకు వంతు, ఉంటుంది. ఎగువ తూము వాళ్లు మూయకపోతే కాలువ చివరి భూములకు చుక్క రాదు, అక్కడి ఆడవాళ్లు పొద్దంతా కాలువ కట్ట మీదే కూర్చుంటారని మీ అత్తమ్మే చెప్పింది నాకు.

ఇప్పుడు నీ ఇంట్లో వంతు చూద్దాం. నీ ఆఫీసు దగ్గరని ఉప్పల్ నుంచి కొండాపూర్‌కు ఇల్లు మార్చారు. ఆమె ఆఫీసు ఉప్పల్‌లోనే ఉంది కదా? పొద్దున ఆటో పట్టుకుని రాయదుర్గం పోయి, అక్కడి నుంచి మెట్రోలో ఈ చివరి నుంచి ఆ చివరికి నిలబడి పోతుంది, సాయంత్రం మళ్లీ అట్లనే వస్తుంది. నువ్వేమో పది నిమిషాల్లో బండి మీద ఇంటికి వచ్చి కూర్చుంటావు. ఏడాదిన్నర నుంచి ఇది నడుస్తుంది. నేను మీ ఇంటికి వచ్చి వారం ఉన్నప్పుడు చూశాను, ఆ పిల్ల వచ్చి బ్యాగు కింద పెట్టకుండానే "అత్తమ్మా, బియ్యం కడిగారా" అని అడిగింది, నువ్వు సోఫాలో ఉన్నావు, నిన్ను అడగాలని ఆమెకు తోచనే లేదు. నేనే కడిగి పెట్టి ఉన్నా. అది నా తప్పు కూడా, నీకు బియ్యం కడగడం నేర్పలేదు. నువ్వు ఎత్తున ఉన్న మడివి బిడ్డా, నీకు పారేది నీకు కనబడదు. ఆమె సర్దుకుపోదు అంటావు, ఇన్నాళ్లు సర్దుకున్నది ఎవరు?

మా లెక్క చెప్తా, ఎప్పుడూ చెప్పలేదు నీకు.

పెళ్లయిన ఏడాదికి వాన లేక మీ నాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి పోయాడు. అప్పట్లో మన పాలమూరులో ఊరికో గుంపు పోయేది, బొంబాయి బస్సు ఎక్కని ఇల్లు వెతికితే గానీ దొరకదు. ఏడాదికి ఒకసారి, దీపావళి దాటినాక కురుమూర్తి జాతరకు వచ్చేవాడు. 1994 జాతరకు వచ్చి తిరిగిపోయినాక పెట్టె తీస్తే నా బుట్టకమ్మలు లేవు, అర తులంవి, మా అమ్మ పెట్టినవి. దొంగలనుకుని లబలబలాడాను. మీ నాయనమ్మ నోరు జారింది, అడ్వాన్స్ తీరలేదని ఆయనే కుదువ పెట్టాడని. కమ్మలు పోయినందుకు కాదు నాకు ఏడుపు, జాతరలో నాకు గాజులు తొడిగించి, చక్కెర మిఠాయి తినిపించి, నాలుగు రోజులు నా పక్కన పడుకుని ఒక్క మాట చెప్పలేదు చూడు, దానికి. తల్లిగారింటికి పోయిన, రెండున్నర నెలలు ఉన్న. ఈసారి కూడా అందరూ అదే మాట, సర్దుకుపో.

సర్దుకోలేదు నేను. ఆయనే వచ్చాడు, పెద్దమనుషులను ఎవరినీ వెంటబెట్టుకోకుండా. మా అరుగు మీద కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో వేళ్ల మీద ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోయాడు, మేస్త్రీది, షావుకారుది, తాత ఆస్పత్రిది, చివరికి బీడీకట్ట బాకీతో సహా. నేను మా తమ్ముని నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నా. తప్పయిందని అనలేదు ఆయన, ఇప్పటిదాకా అనలేదు కూడా. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు తెలియని అప్పు లేదు, ఆయనకు తెలియని చీటీ లేదు. ఆ నోటుబుక్కు ఇంకా ఉంది, బీరువాలో పట్టా పాసుపుస్తకం కింద. కమ్మలు మాత్రం విడిపించలేదు, వడ్డీ మింగేసింది.

ఇదంతా విని నాయిన చేసినవే తప్పులు అనుకుంటావేమో, నాది వింటే ఇంకోరకంగా అనిపిస్తుంది. 2000లో మన జిల్లాకు వెలుగు పథకం వచ్చింది, ఏడో తరగతి చదివినదాన్ని అని నన్ను సంఘం లెక్కలు రాయడానికి పెట్టుకున్నారు. బ్యాంకుకు పోవడం, సంతకం పెట్టడం, నలుగురిలో మాట్లాడడం, నాకు కళ్లు కొంచెం నెత్తికెక్కినాయి. మరుసటి ఏడు ఆయన వచ్చినప్పుడు మన వాకిట్లో మీటింగ్ జరుగుతుంటే వడ్డీ లెక్కలో ఏదో అనబోయాడు, నేను నవ్వుకుంటూ "వేలిముద్రోడికి లెక్కలేం తెలుసు, పోయి బర్రెకు నీళ్లు పెట్టు" అన్నా. ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన పోయి బర్రెకు నీళ్లు పెట్టాడు. ఒక్క మాట అనలేదు. తర్వాతి దసరాకు రాలేదు, జాతరకూ రాలేదు. బస్సులో ఊరంతా దిగింది, ఆయన పైసలు మాత్రం పక్కింటాయన చేతికిచ్చి పంపాడు. తిట్టినా కొట్లాడినా తట్టుకునేదాన్ని.

కోడలు ఆ మధ్య ఫోన్‌లో ఒక వీడియో చూపించి నాకు అర్థం చెప్పింది, అమెరికాలో సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ అని ఒక సైకాలజిస్టు, మొగుడూపెళ్లాలను కూర్చోబెట్టి వాళ్లు పోట్లాడుకునేది రికార్డు చేసి ఏళ్ల తరబడి చూశాడంట. విడిపోతారని చెప్పడానికి నాలుగు గుర్తులు పెట్టాడు, ఎదుటివాళ్ల గుణాన్నే తప్పుపట్టడం, చులకన చేయడం, తనది తప్పే కాదన్నట్టు అడ్డం తిరగడం, గోడలాగ మౌనంగా కూర్చోవడం. అన్నిట్లోకి చెడ్డది చులకన అని. నేను వీడియో ఆపమని లేచి పోయిన. ఎందుకు పోయానో ఆ పిల్లకు చెప్పలేదు, నువ్వే చెప్పు కావాలంటే.

ఆ ఏడు నిన్ను చంకనేసుకుని నేనే బొంబాయి పోయాను. నీకు ఐదేళ్లు, బస్సులో వాంతులు చేసుకున్నావు. రేకుల షెడ్లు, పొద్దున నాలుగు గంటలకు నీళ్ల లైన్, అదంతా మొదటిసారి చూశాను. అక్కడ మీ నాయినను అందరూ మేస్త్రీ అని పిలుస్తున్నారు! ఇంజినీర్ పిల్లోడు కాగితం పట్టుకుని వచ్చి అడుగుతుంటే ఈయన గది పొడవు వెడల్పు అడుగులతో నడిచి చూసి, ఒక పాలు సిమెంటు రెండు పాళ్లు ఇసుక నాలుగు పాళ్లు కంకర లెక్కన ఎన్ని బస్తాలు పడతాయో నోటితోనే చెప్పేస్తున్నాడు, ఆ పిల్లోడు క్యాలిక్యులేటర్ నొక్కి చూసుకుని తల ఊపుతున్నాడు. రాత్రి షెడ్డులో మన ఊరోళ్లంతా తింటున్నప్పుడు అన్నాను, ఈయన లెక్క ముందు నా సంఘం పుస్తకం పనికిరాదు అని. కావాలనే గట్టిగా అన్నా. ఎగతాళి నలుగురిలో చేసింది కదా, చెవిలో చెప్తే చెల్లదు. ఆయన రొట్టె తుంచుకుంటూ "తొక్కులో ఉప్పు ఎక్కువైంది" అన్నాడు. వచ్చే జాతరకు మాత్రం వచ్చాడు.

నువ్వు కోడలిని మీ స్నేహితుల ముందు "మా మేడమ్‌కు వంట రాదు" అని నవ్వుతుంటావు. నేను రెండుసార్లు విన్నాను. మానుకో.

ఒకటి మాత్రం వేరుగా చెప్పాలె. ఇన్నేళ్లు కలిసున్నారు కాబట్టి మంచి సంసారం అని నేను ఒప్పుకోను. మీ చిన్నమ్మ తొమ్మిదేళ్లు దెబ్బలు తిన్నది, పంచాయితీలో ప్రతిసారీ ఆమెకే బుద్ధి చెప్పి పంపారు. బయటికి వచ్చి మిషన్ పెట్టుకుంది, ఇప్పుడు ఆమె ముఖం చూడు. కొట్టే దగ్గర వంతులు ఉండవు. 2005లో గృహహింస చట్టం వచ్చినాక మా సంఘంలో మేం మొదట చదువుకున్నది అదే. నువ్వు చెయ్యి ఎత్తేవాడివి కాదని నాకు తెలుసు, అయినా రాసి పెడుతున్నా.

మరి మేమిద్దరం ఇప్పుడు ఎట్లున్నాం అంటావా, రోజూ పోట్లాటే. సీరియల్ సౌండు గురించి, ఆయన బీపీ గోలీ మర్చిపోయినందుకు, నేను ఫ్యాన్ వేసి దుప్పటి కప్పుకున్నందుకు. నాకు భుజం నొప్పి మొదలైనాక రొట్టెలు కొట్టలేకపోతున్నా కదా, ఆయనే కొడుతున్నాడు, అరవై దాటినాక నేర్చుకున్నాడు, మొదట్లో భారతదేశం పటంలాగ వచ్చేవి, ఇప్పుడు గుండ్రంగానే వస్తున్నాయి గానీ మందం. ఆ మధ్య మహబూబ్‌నగర్ పోయినప్పుడు పిల్లలమర్రి చూసి వచ్చాం, 2017లో పెద్ద కొమ్మ విరిగిపడ్డప్పుడు లోపల చెదలు పట్టిందని, మరుసటి ఏడు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు చూడు, ఆ సంగతి అక్కడ ఎవరో చెప్తుంటే మీ నాయిన నా దిక్కు తిరిగి "నాకూ గట్లనే ఎక్కిస్తవా" అన్నాడు. గోలీ వేసుకో ముందు అన్నా.

ఇల్లు ఎక్కడ ఉండాలో ఇద్దరూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోండి. నడిమధ్యన బేగంపేటనో అమీర్‌పేటనో చూస్తారో, రెండేళ్లు ఆమె వైపు రెండేళ్లు నీ వైపు అంటారో, నాకు తెలియదు, అద్దెలు మీకే తెలుసు. ఆమె వాళ్లమ్మకు నెలకు ఎంత పంపుతుందో నన్ను అడగకు, ఆమెనే అడుగు, నువ్వు మాకు పంపేది కూడా ఆమెకు చెప్పు.

శనివారం మన ఊరాయన హైదరాబాద్ వస్తున్నాడు, పది కిలోల జొన్నపిండి పంపుతున్నా. ఆమె ఫోన్‌కు కూడా ఆయన నంబర్ పెట్టాను గానీ నువ్వే పోయి తెచ్చుకో, ఆమెను పంపకు. పిండిలో వేడినీళ్లు ఎంత పోయాలో మీ నాయినను అడుగు, నాకంటే ఆయనే బాగా చెప్తాడు ఇప్పుడు.

మీ అమ్మ