చమురు ఇసుక గనులు చూసివచ్చాక అమ్మాయికి

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. కెనడా చూడవచ్చిన తాతయ్యను అందమైన బ్యాన్ఫ్ కొండలకు తీసుకెళ్లకుండా, ఇక్కడి ఆల్బర్టా రాష్ట్రపు ఉత్తరాన ఫోర్ట్ మెక్‌ముర్రే దగ్గరి చమురు ఇసుక గనులు చూపించడమేమిటని ఫోనులో నువ్వు నొచ్చుకున్నావు. అది ఫోనులో తేలే సంగతి కాదు కనుక రాస్తున్నాను. గోదావరిఖని ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఉద్యోగజీవితమంతా గడిపిన మనిషికి, తన కొడుకు కుటుంబానికి అన్నం పెడుతున్న నేలను చూడాలనిపించడం సహజం. ఎడ్మంటన్‌లో నా ఉద్యోగమూ, నీ చదువు ఫీజులూ ఆ నేల చలవే కనుక, దాన్ని కళ్లారా చూడకుండా ఇక్కడ బతకడం న్యాయమని నాకూ అనిపించలేదు.

ముందుగా అక్కడ చమురు ఇసుక గురించి వివరించే ప్రదర్శనశాల, ఆయిల్ శాండ్స్ డిస్కవరీ సెంటర్‌కు వెళ్లాం. ఆ ఇసుకలో తారులాంటి బిటుమెన్ బరువులో పదోవంతు, ఆపై కాస్త ఉంటుంది. దాన్ని వేడినీళ్లతో ఇసుక నుంచి విడదీసే పద్ధతిని 1920లలో రూపొందించిన కార్ల్ క్లార్క్, తొలి పెద్ద గని 1967లో మొదలవడానికి కొన్ని నెలల ముందే కన్నుమూశారు. ఒక పీపా చమురుకు దాదాపు రెండు టన్నుల ఇసుక తవ్వాలని తెలిసి తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు.

తరువాత 63వ నంబరు రహదారి మీద ఉత్తరానికి సాగి, పని విరమించిన పాత యంత్రాలను నిలిపిన చోట ఆగాం. తాళ్లకు కట్టిన పెద్ద బకెట్‌తో మట్టిని లాగి తవ్వే డ్రాగ్‌లైన్‌ను తాతయ్య దూరం నుంచే పోల్చుకున్నారు. ఇప్పుడు వాటి బదులు షావెళ్లనే తవ్వే యంత్రాలు, ఒక్కొక్కటి 360 టన్నులకు పైగా మోసే ట్రక్కులు పనిచేస్తున్నాయని చెబితే, తమ గనిలో వంద టన్నుల డంపరు వస్తేనే అందరూ చుట్టూ మూగేవారని అన్నారు. ఆ వెంటనే ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు: “ఓబీ మట్టిని, అంటే పైన తీసేసిన మట్టిని, గుట్ట పోస్తారు, సరే. ఇసుక కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయిరా?”

ఆ నీళ్లు ఎటూ పోవడం లేదు. చాలావరకు మళ్లీ వాడుతున్నా, మిగిలినదంతా సన్నని బంకమట్టితో, బిటుమెన్ నుంచి నీటిలో చేరే నాఫ్థెనిక్ ఆమ్లాలతో కలిసి, టెయిలింగ్స్ చెరువులనే వ్యర్థాల చెరువుల్లో నిలిచిపోతోంది. వంద కోట్ల ఘనపు మీటర్లకు పైగా పేరుకున్న ఆ బురద తనంతట తాను తేరుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది. 2008లో అలాంటి ఒక చెరువులో వాలి 1,600కు పైగా బాతులు చనిపోయాయి. అక్కడి కెర్ల్ అనే గనిలో వ్యర్థపు నీరు బయటికి ఊరుతున్నట్టు 2022లోనే గుర్తించిన సంగతి, అథబాస్కా నది దిగువన ఫోర్ట్ చిపెవయాన్‌లో ఉండే ఆదివాసులకు 2023 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా తెలియలేదు. ఆ నదిలో చేపలు పట్టుకుని బతికేవాళ్లకు ఆ మాట అందరికంటే ముందు చెప్పవలసింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

బాగుచేసే పని అసలు జరగడం లేదని అనను. తవ్వి పూడ్చిన నేల మీద ఫోర్ట్ మెక్‌కే ఆదివాసులతో కలిసి కంపెనీ పెంచుతున్న బైసన్ అనే అడవి దున్నలు ఉన్నాయి. అయితే బాగుచేసినట్టు ప్రభుత్వం 2008లో తొలిసారి ధ్రువపత్రం ఇచ్చిన గేట్‌వే హిల్ అనే చోటి విస్తీర్ణం 104 హెక్టార్లు. తవ్వకాలు తిరగేసిన నేల వందల చదరపు కిలోమీటర్లు. తవ్వే వేగంతో పూడ్చాలని కంపెనీలను నిలదీయడం, ఆ తవ్వకంతో తింటున్న మాలాంటివాళ్ల బాధ్యతే అని నా అభిప్రాయం.

నువ్వు చదువుతున్నది నీటిశుద్ధి గనుక, ఆ ఆమ్లాలను విడగొట్టడానికి మీ విభాగంలో ఏం చేస్తున్నారో తాతయ్యకు తెలుగులో వివరంగా రాయి. వచ్చే నెల ఆయన ఊరికి బయలుదేరేలోపు ఆ ఉత్తరం అందాలి.

ప్రేమతో,
నాన్న