ప్రైమర్లు చదవడం నేర్పిన అన్నగారికి కృతజ్ఞతలు

డాలస్ దగ్గర తుపాకీ షూటింగ్ రేంజ్‌లో నాకు సాయం చేసిన అన్నగారికి నలుగురిలో థాంక్స్ చెప్పుకోవాలని ఈ పోస్టు పెడుతున్నాను. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. చదివితే ఆయనకే తెలుస్తుంది.

నా .308 రైఫిల్‌కి తూటాలు నేనే లోడ్ చేసుకుంటాను, అంటే కేసు అనే ఇత్తడి గొట్టంలో ప్రైమర్, మందు, గుండు నేనే అమర్చుకుంటాను. ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండే చిన్న లోహపు కప్పు, ఫైరింగ్ పిన్ దాన్ని కొట్టగానే మందు అంటుకుంటుంది. లోడింగ్ పుస్తకంలో ఇచ్చిన కనీస మందు మోతాదుతో మొదలుపెట్టినా, పేల్చిన ప్రతి ప్రైమర్ మీదా పిన్ దిగిన గుంట చుట్టూ చిన్న గట్టు లేస్తోంది. గోరుతో రాస్తే తగిలేంత. దీన్ని క్రేటరింగ్ అంటారు, ప్రెషర్ ఎక్కువైందనడానికి ఒక గుర్తుగా చెబుతారు. ఈ తూటాకి అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల సంస్థ సామీ (SAAMI) పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అంత ఒత్తిడి నా ముఖం ముందే పుడుతుంటే భయం వేయకుండా ఎలా ఉంటుంది?

అన్నగారు పక్క బెంచీలో ఉన్నారు. అడగ్గానే తన షూటింగ్ ఆపేసి వచ్చారు. "బోల్ట్ తెరిచి పెట్టు తమ్ముడూ, ముందు కేసులన్నీ చూద్దాం" అన్నారు. బోల్ట్ అంటే తూటాని వెనక నుంచి మూసి పట్టుకునే భాగం. ప్రెషర్ ఎక్కువైతే కనిపించే మిగతా గుర్తులు ఒక్కొక్కటే వెతికారు. భూతద్దంతో ప్రైమర్ అంచు చూపించారు. అది ఇంకా గుండ్రంగానే ఉంది, ప్రైమర్ కూర్చునే గుంట (పాకెట్) గోడల దాకా చదునుగా పరుచుకోలేదు. కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసే భాగం) రంధ్రం ఆకారంలో మెరిసే మచ్చ లేదు. బోల్ట్ తేలిగ్గా లేస్తోంది. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం కూడా పుస్తకంలో ఉన్నదాన్ని దాటలేదు. అప్పుడు ఫ్యాక్టరీ తూటాలు పేల్చమన్నారు. వాటి మీదా అదే గట్టు! బోల్ట్ ముఖం మీద పిన్ బయటికొచ్చే రంధ్రం పిన్ కంటే బాగా వెడల్పుగా ఉంటే, మామూలు ప్రెషర్‌కే ప్రైమర్ లోహం ఆ సందులోకి పొంగుతుందట.

నా బెంగ తీరింది కదా అని అక్కడితో వదల్లేదు, అదే ఆయన గొప్పతనం. ఫెడరల్ కంపెనీ ప్రైమర్ కప్పు మెత్తన, సీసీఐ కంపెనీది గట్టిది. కాబట్టి ఒకే ప్రెషర్‌కి రెండూ ఒకేలా కనిపించవు. ప్రైమర్ శుభ్రంగా కనిపించినా ప్రెషర్ హద్దు దాటి ఉండొచ్చు. బోల్ట్ బిగుసుకుంటే లెక్కలేవీ వేయకుండా అక్కడే ఆపేయమన్నారు. టెక్సాస్ ఎండలో తూటాలు బెంచీ మీద వదిలేస్తే మందు వేడెక్కి అదే లోడ్ ప్రెషర్ పెరుగుతుందని చెప్పారు. తన డబ్బాలోంచి ప్రైమర్‌కి చిల్లు పడిన కేసొకటి తీసి నా చేతిలో పెట్టారు. చిల్లు చుట్టూ మసి. ఆ దారిలో వేడి గ్యాస్ వెనక్కి తంతుంది, కళ్ళద్దాలు లేకుండా ట్రిగ్గర్ ముట్టుకోవద్దన్నారు.

తర్వాత గన్‌స్మిత్ దగ్గరికి కూడా వెంట వచ్చారు. పిన్ రంధ్రానికి బుష్ (రంధ్రాన్ని పిన్‌కి సరిపోయేలా ఇరుకు చేసే లోహపు ముక్క) వేయించాక అదే లోడ్‌తో గట్టు లేవడం లేదు.

అన్నగారూ, మీ సెలవు రోజంతా నాకే ఇచ్చారు. చాలా రుణపడి ఉన్నాను.

బుష్ వేయక ముందువీ, వేశాకవీ ఖాళీ కేసులు విడివిడిగా, మోతాదు రాసి దాచాను. కొత్తగా లోడింగ్ మొదలుపెట్టినవాళ్ళు దగ్గర్లో ఎవరైనా ఉంటే చెప్పండి, రేంజ్‌కి తెచ్చి చూపిస్తాను.