టీసీ, అడ్రస్, ఒక బియ్యం సంచీ: ఈ ఏడాది మన సంఘం నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది బాగానే జరిగింది, కార్తీక వనభోజనాల్లో పులిహోర చాల్లేదు, దాని మీద ఇప్పటికే సరిపడా గొడవ పడ్డాం కాబట్టి మళ్ళీ రాయను. జమాఖర్చులు కోశాధికారి మీటింగులో చదువుతారు. ఈసారి నివేదికంతా దాదాపు ఒక్క పని గురించే, ఉండడానికి ఇల్లంటూ లేని మన పిల్లల్ని బళ్ళో కూర్చోబెట్టడం. "అది గవర్నమెంటు పని కదా మనకెందుకు" అన్న పెద్దలు కూడా చదువుతారనే కొంచెం సాగదీసి రాస్తున్నాను.

ఇల్లు లేనోళ్ళంటే ఒడిశాలోని మన బరంపురంలో అందరికీ స్టేషన్ దగ్గర పడుకునేవాళ్ళే గుర్తొస్తారు. గంజాం తీరంలో మన జాలరోళ్ళ సంగతి వేరు. పోడంపేటలో సముద్రం ఇళ్ళని ఎలా మింగేసిందో తెలిసిందే, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, అలా ఒకసారి గోడలు పోయిన కుటుంబం ముందు చుట్టాల వరండాలోకి, తర్వాత అద్దె గదిలోకి, అద్దె కట్టలేకపోతే వలల షెడ్డులోకి చేరుతుంది. పైగా రుషికుల్య నది దగ్గర తాబేళ్ళని కాపాడ్డానికి నవంబరు 1 నించి మే 31 దాకా చేపల వేట మీద నిషేధం ఉంటుంది కదా, ఆ ఏడు నెలలూ కొందరు విశాఖ హార్బర్‌కి పనికి పోతారు, పిల్లల్నీ తీసుకుపోతారు, తిరిగొచ్చేసరికి ఇక్కడ బళ్ళో పేరు కొట్టేసి ఉంటుంది.

జూలైలో అలాగే ఒక గుంట వచ్చింది, ఐదో క్లాసు ఆడపిల్ల. అక్కడ చదివిన ప్రైవేటు బడి ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వలేదంట, ఇక్కడేమో టీసీ లేకుండా కుదరదన్నారు. తల్లి రెండుసార్లు తిరిగి ఊరుకుంది. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల పుస్తకాలన్నీ ఒక బియ్యం సంచీలో పెట్టి షెడ్డు వాసానికి వేలాడదీసి ఉంచింది, కింద పెడితే ఎలకలు కొట్టేస్తున్నాయంట. మర్నాడు బడికి తీసుకెళ్తే ఫారంలో అడ్రస్ దగ్గర ఆగిపోయేం. "ఇల్లెక్కడమ్మా" అంటే "వలల షెడ్డండీ, నీలం బోటు పక్కన" అంది. పక్కా అడ్రస్ కావాలన్నారు.

అప్పుడు కోశాధికారి ఒడియాలో "ఆగ్యాఁ ఆగ్యాఁ" (అలాగేనండి) అంటూనే జేబులోంచి జిరాక్సు తీసేరు. 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నించి అమల్లో ఉంది, 6 నించి 14 ఏళ్ళ పిల్లలకి. అందులో సెక్షన్ 5 ఏం చెప్తుందంటే పిల్లలు రాష్ట్రం లోపలైనా బయటికైనా ఏ కారణంతో బడి మారాల్సొచ్చినా టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోడం ఆపకూడదు, లేటు చేసిన హెడ్మాస్టరు మీద చర్య కూడా ఉంటుంది. వయసు కాగితం లేదని కాదనకూడదని 14, గడువు దాటిపోయినా చేర్చుకోవాలని 15. వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలదని 9లో ఉంది. ఆధార్ సంగతంటారా, స్కూల్ అడ్మిషన్‌కి అది తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టే చెప్పేసింది.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివేరు, చేర్చుకున్నారు. చెడ్డాయన కాదు, నిజం చెప్పాలంటే రిజిస్టర్ నింపకపోతే పైనించి ఆయనకే తిట్లు. అడ్రస్ దగ్గర వలల షెడ్డు అనే రాయించేం. సంఘం అడ్రస్ ఇద్దామని ఒకరన్నారు గానీ రేపు చిన్న అబద్ధం దొరికితే పిల్లకే ఇబ్బంది.

చేర్చడంతో అయిపోలేదు. విశాఖలో తెలుగు మీడియంలో కూర్చుని వచ్చిన పిల్లకి ఇక్కడ ఒడియా. రామమందిరం అరుగు మీద సాయంత్రం మన రిటైర్డ్ మాస్టారు చెప్తున్నారు, మొదటిరోజు ఒడియా "ఠ" చూసి "సున్నా" అంది, తప్పేటి, అచ్చం మన సున్నాలాగే ఉంటుంది మరి. వయసుకి తగ్గ క్లాసులో చేర్చి వెనకబడిన చదువుకి స్పెషల్ ట్రైనింగ్ ఇవ్వాలని సెక్షన్ 4 చెప్తుంది, అది బడివాళ్ళ పని, మాస్టారి మీద తోసేసి మనం ఊరుకోకూడదు, ఈ ఏడాది ఆ అర్జీ పెట్టలేకపోయేం.

ఒక తప్పు కూడా రాయాలి. స్టేషన్లో ఒంటరిగా ఒక కుర్రాడు దొరికితే జాలిపడి ఒక సభ్యుడింట్లో రాత్రంతా ఉంచి తెల్లారేక పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసేం, గట్టిగా తిట్లు తిన్నాం, తినాల్సిందే. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం అలాంటి పిల్లల్ని ప్రయాణం టైము కాక 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి, కాబట్టి ముందు ఫోను, అన్నం తర్వాత. సరే, అన్నం కూడా పెట్టండి, ఫోన్ మాట్లాడుతూ.

ఆడపిల్లలకి కస్తూరిబా విద్యాలయాల హాస్టల్ మంచి దారే కానీ మా గుంట తల్లి ఒప్పుకోలేదు, "ఇల్లే లేదు, పిల్ల కూడా దగ్గర లేకపోతే ఏటి మిగుల్తాది" అంది, మేం మళ్ళీ అడగలేదు.

ఓడిపోయిందొకటి. ఆ పిల్ల అన్న తొమ్మిదిలో చేరాలి, 14 దాటిపోయేయి, జిరాక్సు పని చెయ్యలేదు, బాకీ కట్టి టీసీ తేవాల్సిందే. విశాఖలో ఆ బాకీ ఎవరు కట్టాలి అన్నది వచ్చే మీటింగులో మొదటి విషయం. వాడిప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు, జీతం రోజుకి రోజు ఇస్తారు కాబట్టి త్వరగా తేల్చకపోతే ఇంక రాడు.